చెవులున్న స్పీకరు

జూన్ 9, సోమవారం

శివలీలకు ఇంట్లో పాటలు కావాలట. ఆమె ఉండేది కువైట్‌లో. పాటలు కావలసింది మాధవరంలో, నేనూ మా అమ్మాయి ఆరాధనా ఉండే ఈ ఇంట్లో.

సాయంత్రం ఫోన్‌లో చెప్పింది. తీగలు లేని స్పీకర్లట. ముందుగదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, మగ్గం గదిలో ఒకటి. ఒక పాట పెడితే ఇల్లంతా అదే పాట వస్తుందట. తాను పనిచేసే ఇంట్లో చూసిందట.

"మగ్గం గదిలో ఏంటికి? ఆ చప్పుడులో పాట యాడ వినపడతాది?" అన్నాను.

"వినపడకుంటే పోనీలే. ఆడ కూడా ఒకటి పెట్టు," అంది.

మూడేళ్ళుగా ఇది కావాలని నోరు తెరిచి అడగని మనిషి. ఉన్నట్టుండి పాటలేమిటి?

మగ్గం ఆడుతోందా అని కూడా అడిగింది. ఆడుతోందని చెప్పాను. భుజం నొప్పిగా ఉంది. రేపు మగ్గం గుంటలోకి దిగుతాను.

జూన్ 10

భుజం నొప్పి. రేపు దిగుతాను.

జూన్ 13, శుక్రవారం

ఆరాధనకు నిన్ననే బడి తెరిచారు. తొమ్మిదో తరగతి. దాన్ని బడికి పంపి, కడపకు బస్సెక్కాను. నా బావమరిది కేశవ ఏడురోడ్ల దగ్గర ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులో పనిచేస్తాడు. శివలీల తమ్ముడు. వాళ్ళది ఎమ్మిగనూరు. అక్క పెళ్ళయి ఇటు వచ్చాక వాడూ ఇటే వచ్చి కుదురుకున్నాడు.

ఒక గోడ నిండా స్పీకర్లే. గొట్టాల్లాంటివి, డబ్బాల్లాంటివి, బంతిని సగానికి కోసినట్టున్నవి. వాడు ఒక్కొక్కటి వాయించి చూపించాడు. నల్లటి గొట్టం ఒకటి నాకు నచ్చింది. చెయ్యి పెడితే అరచేతిలో అదురు తెలుస్తుంది. ఫోన్‌కు కలపడం, పాట పెట్టడం, అంతే.

"ఇది కాదు బావా. అక్క చెప్పింది ఇది," అని గుండ్రటిదాన్ని ముందుకు జరిపాడు.

"దీనిలో ఏముండాది?"

"మైకు ఉండాది. నువ్వు మాట చెప్తే చాలు, పాట పెడతాది."

"నేను చెప్పింది వింటాదంటే, చెప్పనప్పుడు కూడా వింటానే ఉంటాది కదప్పా?"

వాడు తల గోక్కున్నాడు. "వింటాది. కానీ పట్టించుకోదు."

"విని పట్టించుకోనోళ్ళు మా ఇంట్లో ముందే ఉండారు. ఇంకొకటి వద్దు," అని నల్ల గొట్టాన్ని కట్టించుకుని వచ్చేశాను.

వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను. పాటలకే అయితే మైకు ఎందుకు?

జూన్ 15, ఆదివారం

వీడియో కాల్‌లో నల్ల స్పీకరు చూపించాను. ఆరాధన పాట పెట్టి కాస్త గంతులు కూడా వేసింది. శివలీల నవ్వు మొహం అక్కడే ఆగిపోయింది.

"ఇది కాదు నేను చెప్పింది."

"పాట బాగా వస్తాంది కదా."

"బాగానే వస్తాంది. ఇది కాదు."

పని ఉందని పెట్టేసింది. పాటలు కావాలన్న మనిషికి పాట వస్తుంటే సంతోషం లేదు. మరి కావలసింది ఏమిటి?

జూన్ 19

కేశవ వచ్చాడు. సంచిలో గుండ్రటి స్పీకర్లు మూడు. నన్ను అడగలేదు. అక్క పంపిన దుడ్లతోనే తెచ్చానన్నాడు. మూడు గదుల్లో మూడూ బిగించి, తన ఫోన్‌లో ఏదో నొక్కి, అక్కడి నుంచి ఆమె చేత ఏదో నొక్కించాడు.

"ఎవురి పేరు మీద పెట్టినావు?"

"అక్క పేరు మీదనే బావా. అంతా అక్క ఫోన్‌లోనే ఉంటాది."

ఇల్లు నాది. గోడలు నావి. కరెంటు బిల్లు కట్టేది నేను. స్పీకర్లు ఆమె ఫోన్‌లో ఉంటాయట.

మగ్గం గదిలో బిగించేటప్పుడు వాడు మగ్గం మీద కప్పిన దుప్పటి చూశాడు. దాని మీద దుమ్ము కూడా చూశాడు. "భుజం బాగలేదప్పా," అన్నాను. "ఆ, ఆ," అన్నాడు. వాడు అడగకముందే ఎందుకు చెప్పాను?

జూన్ 20

పొద్దున్నే ఎవరూ ఏమీ అనకుండానే వంటింట్లో రాఘవేంద్రస్వామి భజన మొదలైంది. నా చేతిలోని పాలగిన్నె జారబోయింది. మగ్గం గదిలోనూ అదే. ముందుగదిలోనూ అదే.

ఆరాధన దుప్పటిలోంచి తల బయటకు పెట్టి, "అమ్మ పెట్టింది నాయనా. ఆడి నుంచే," అంది.

"నీకెట్ల తెలుసు?"

"ఇది అమ్మ పాట కదా."

అవును. ఎమ్మిగనూరు వాళ్ళ ఇంట్లో పొద్దున్నే ఇదే. మంత్రాలయం దగ్గరే కదా. పెళ్ళయిన కొత్తలో ఇక్కడ కూడా తానే పాడుకునేది.

జూన్ 22, ఆదివారం

ఆమెకు చెప్పలేదు కానీ, బాగుంది. పొద్దున భజన. ఆరాధన బడి నుంచి వచ్చే వేళకు సినిమా పాటలు. ఇంట్లో ఎవరో నడుస్తున్నట్టు ఉంది.

జూన్ 26

మధ్యాహ్నం. ఆరాధన బడిలో ఉంది. నేను ముందుగదిలో పడుకుని ఉన్నాను, భుజం వల్ల. మూడు స్పీకర్లలోనూ ఒకేసారి అరబ్బీ పాట. గట్టిగా. గంతులేసే పాట. కొంచెం సేపు వచ్చి సగంలో ఆగిపోయింది.

మెసేజి పెట్టాను. ఎవరు పెట్టారు అని.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "పొరపాటు. ఏం లేదు."

జూన్ 27

పొరపాటు అంటే ఎట్లా అవుతుంది? పాటలు పెట్టేది ఆమె ఫోన్ నుంచి. ఆమె ఫోన్ ఇంకొకరి చేతిలో ఉంటే తప్ప ఆ పాట రాదు. ఎవరి చేతిలో? చొరవ లేనిదే ఫోన్ ఎవరైనా ఎవరికైనా ఇస్తారా?

జూలై 1

మగ్గం గదిలో నూలు బుట్ట కోసం వెళ్ళాను. కిటికీ గూట్లో ఉన్న స్పీకరు అంచు చుట్టూ ఆకుపచ్చ లైటు తిరుగుతోంది. పాట లేదు, మాట లేదు. నేను చూస్తుండగానే ఆరిపోయింది.

కేశవకు ఫోన్ చేశాను. "అప్‌డేట్ అయ్యింటాది బావా," అన్నాడు. చెప్పడానికి ముందు కొంచెం ఆగాడు. తెలిసిన సంగతి చెప్పడానికి ఎవరైనా ఆగుతారా?

జూలై 3

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

ఈరోజు మధ్యాహ్నం వంటింట్లో అన్నం వార్చుతున్నాను. స్పీకరు చుట్టూ ఆకుపచ్చ లైటు వచ్చింది. నేను కదలకుండా నిలబడ్డాను. లోపలి నుంచి ఏదో గిన్నె పెట్టిన చప్పుడు. ఆ వెంటనే మగమనిషి గొంతు. తెలుగు కాదు. ఏదో అన్నాడు, అని నవ్వాడు. దగ్గరి నుంచి వచ్చే నవ్వు అది. ఒకే గదిలో ఉన్నవాళ్ళు నవ్వే నవ్వు.

టక్కున చప్పుడంతా తెగిపోయింది. లైటు మాత్రం ఇంకా వెలుగుతోంది. నేను గరిటె పట్టుకుని దానివైపే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అదీ ఆరిపోయింది.

అన్నం మెత్తబడిపోయింది. ఆరాధనకు అదే పెట్టాను.

జూలై 4

ఆరాధనను అడిగాను. "ఆ ఆకుపచ్చ లైటు ఏంటికి వస్తాది?"

"నాకేం తెలుసు నాయనా."

"మీ అమ్మ నీకేమన్నా చెప్పిందా?"

"ఏం చెప్తాది?"

పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పేజీ కూడా తిప్పలేదు. పిల్లకు తెలుసు. కేశవకు తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

జూలై 6, ఆదివారం

ఇప్పుడు నాకూ తెలిసింది.

పొద్దున పక్కింటి రామలక్ష్మమ్మ వదిన కరివేపాకు కోసం వచ్చింది. వంటింట్లో నిలబడి దగ్గింది. చాలాసేపు దగ్గింది. అంతే. ఎవరికీ చెప్పేంత సంగతి కాదు.

సాయంత్రం ఫోన్‌లో శివలీల అడిగింది. "రామలక్ష్మమ్మక్కకు దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం తాగమని చెప్పు."

"నీకెవురు చెప్పినారు దగ్గని?"

"ఆరాధన చెప్పింది," అంది.

ఆరాధన అప్పటికి నిద్రే లేవలేదు.

ఆకుపచ్చ లైటు వెలిగిందంటే ఆమె వింటోందని అర్థం. అక్కడ కూర్చుని ఇక్కడి ఇల్లంతా వింటోంది. పాటలు కాదు ఆమెకు కావలసింది. మూడు గదుల్లో మూడు చెవులు పెట్టించింది.

జూలై 7

రోజంతా ఆలోచించాను. ఎందుకు వింటుంది? నేను తాగుతానా? లేదు. ఇంకొకరిని ఇంటికి తెస్తానా? లేదు. తప్పు తన దగ్గర ఉన్న మనిషే ఎదుటి మనిషిని కాపలా కాస్తుంది. ఆ నవ్వినవాడు ఎవడు?

అడగను. అడిగితే జాగ్రత్త పడుతుంది. తెలియనట్టే ఉంటాను. వినాలనుకుంటోంది కదా, విననీ.

సాయంత్రం లైటు వెలిగింది. "ఆరాధనా, బాగా చదువుకో తల్లీ. నువ్వు చదువుకుంటే మీ అమ్మ కష్టానికి అర్థం ఉంటాది," అన్నాను, గట్టిగా.

ఆరాధన నన్ను వింతగా చూసింది. "నాయనా, నేను ఈడనే ఉండా. ఎందుకట్ల అరుస్తావు?"

జూలై 8

ఒక సంగతి మర్చిపోయాను. మగ్గం గదిలో కూడా చెవి ఉంది.

అక్కడ ఏమీ వినపడదు. వినపడకపోతే ఏమనుకుంటుంది? రోజూ నేస్తున్నానని చెబుతున్నాను కదా. భుజం తగ్గగానే నేస్తాను. అప్పటిదాకా ఏదో ఒకటి చేయాలి.

సుంకప్పన్న ఇంటికి వెళ్ళాను. రామలక్ష్మమ్మ వదిన భర్త. ఈ వీధిలో ఇప్పటికీ తెల్లారకముందే మగ్గం గుంటలోకి దిగేది ఆయనే. పక్కన కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఆయన మగ్గం చప్పుడు రికార్డు చేసుకున్నాను. ఆయన ఏదో చెప్పబోతే, "తలనొప్పి అన్నా, మాట్లాడొద్దు," అన్నాను.

"తలనొప్పయితే మగ్గం పక్కన కూర్చుంటావా?" అని నవ్వి, పనిలో పడ్డాడు.

ఇంటికి వచ్చి నల్ల స్పీకరును మగ్గం గదిలో, గుండ్రటిదానికి ఎదురుగా పెట్టాను. ఫోన్ కలిపి వాయించాను. అచ్చం మగ్గమే. నాడె అటు పోయేది, ఇటు వచ్చేది, పలక కొట్టేది, అన్నీ తెలుస్తున్నాయి. ఆ రోజు నేను ఎంచుకున్న స్పీకరు మంచిదే. వద్దంది ఆమే.

కాసేపటికి ఆకుపచ్చ లైటు వెలిగింది. చాలాసేపు ఆరలేదు. నేను తలుపు పక్కన నిలబడి చూశాను.

జూలై 9

మగ్గం ఈరోజు కూడా బాగా ఆడింది. నేను ముందుగదిలో పడుకున్నాను.

జూలై 10

మగ్గం బాగా ఆడింది.

జూలై 11, శుక్రవారం

ఆరాధనకు ఏదో మీటింగని బడి సగం రోజే పెట్టారు. నేను నిద్రలో ఉన్నాను. చప్పుడు ఆగిపోయేసరికి మెలకువ వచ్చింది. ఆరాధన మగ్గం గది గడపలో నిలబడి ఉంది. చేతిలో నల్ల స్పీకరు.

"మగ్గం ఆడతాందని పరిగెత్తుకుంటా వచ్చినా నాయనా," అంది. "వీధి మొదట్లోకే వినపడింది."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్పీకరు నేల మీద పెట్టి, "అమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పు," అని లోపలికి వెళ్ళింది. అన్నం తినలేదు.

చెప్తాను. ముందు ఆమె చెప్పాలి. ఆ నవ్వినవాడు ఎవడో ఆమె చెప్తే, అప్పుడు నేను చెప్తాను.

జూలై 15

సుంకప్పన్న వచ్చాడు, పలుగు అడగడానికి. ముందుగదిలో కూర్చున్నాం. మాటల్లో, "శివలీల ఎట్ల ఉండాదప్పా? ఎప్పుడొస్తాది?" అన్నాడు.

"దానికి వచ్చే ఆలోచన యాడుండాది అన్నా. దానికి ఆడ ఎవుడో ఉండాడు. ఈ ఇంట్లో పాటలు పెట్టేది కూడా వాడే," అన్నాను.

సుంకప్పన్న మొహం మాడిపోయింది. "అట్ల అనొద్దు ఓబులేషూ. ఆడపిల్లను ఇంట్లో పెట్టుకుని ఆ మాటేందప్పా," అని లేచి వెళ్ళిపోయాడు. పలుగు కూడా తీసుకోలేదు.

స్పీకరు వైపు నేను చూడలేదు. లైటు ఉందో లేదో చూడలేదు.

జూలై 16

పొద్దున భజన రాలేదు.

జూలై 17

రాలేదు. సాయంత్రం పాటలు కూడా లేవు. "నెట్ పోయిందేమో నాయనా," అంది ఆరాధన. చూసింది. నెట్ ఉంది.

జూలై 18

లైటు చూశాను. సుంకప్పన్నతో ఆ మాట అనడానికి ముందే చూశాను. వెలుగుతోందని తెలిసే అన్నాను.

జూలై 20, ఆదివారం

శివలీల ఫోన్ చేసింది. నాకు కాదు, ఆరాధన వాడే ఫోన్‌కు. "నాయనకు ఇచ్చి నువ్వు రామలక్ష్మమ్మ పెద్దమ్మ ఇంటికి పో," అందట. వీడియో పెట్టలేదు.

"ఎవురు వాడు?" అంది.

"ఎవురు?"

"నాకు ఈడ ఉండాడంట కదా, వాడు. పేరు చెప్పు. నాకూ తెలీదు."

నేను లేచి ముందుగది తలుపు వేశాను.

"సుంకప్పన్నతో అంత ధైర్యంగా చెప్పినావే. నాతో చెప్పు."

"స్పీకర్లో మగమనిషి గొంతు విన్నా. నవ్వినాడు."

"డ్రైవరు. కేరళాయన. మనవళ్ళు ఉండారు ఆయనకు. టీ కోసం వంటింట్లోకి వచ్చినాడు. నా వైపు మైకు మూసేది మర్చిపోయినా. ఇంకేముండాది?"

"ఆ అరబ్బీ పాట?"

"మేడం మనవరాలు. చిన్న పిల్ల. ఫోన్ లాక్కుని నొక్కింది. ఇంకేముండాది? అన్నీ ఇప్పుడే అడుగు. మళ్ళ అడగొద్దు."

నాకు కోపం వచ్చింది. అడిగేవాణ్ణి నేనే కావాలి కదా. "ముందు నువ్వు చెప్పు. నా ఇంట్లో నువ్వు దొంగతనంగా వినేదేంటికి? నేనేం తప్పు చేస్తానని కాపలా?"

అటు ఏదో తలుపు వేసిన చప్పుడు వినపడింది.

"కాపలా కాదు. ఈడ తెల్లారి లేస్తే రాత్రి పడుకునేదాకా ఒక్క తెలుగు మాట చెవిన పడదు. వంటింట్లో నేనొక్కదాన్నే. తలకు గుడ్డ కట్టుకుంటాం కదా, దాని లోపల ఒక చెవికి పెట్టుకుంటా. మన కుక్కరు కూత వింటా. ఆరాధన గట్టిగా చదివేది వింటా. ఎవురూ లేనప్పుడు గాలికి కిటికీ కొట్టుకునేది కూడా వింటా. అట్ల వింటా పని చేసుకుంటా ఉంటే రోజు గడుస్తాది. నీకు చెప్తే తప్పుగా అనుకుంటావని చెప్పలేదు. చెప్పకపోయినా తప్పుగానే అనుకున్నావు."

నేను ఏదో అనబోయాను.

"ఆగు. ఇంకా ఉండాది. మగ్గం ఆడలేదని మొదటి రోజే తెలిసింది నాకు. రోజూ నేస్తాండా అంటావు. రోజూ ఆ గదిలో బల్లి అరిచేది తప్ప ఏమీ లేదు. అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తావు, అది వినాల్సి వస్తాదని అడగలేదు. తర్వాత ఒకరోజు మగ్గం మొదలయింది. ఎంత సంతోషమయ్యిందో నీకేం తెలుసు. స్టవ్ ఆపేసి నిలబడిపోయినా. అంతలోకే రామలక్ష్మమ్మక్క గొంతు. 'ఏమయ్యో, అన్నం చల్లారిపోతాంది, రా' అని. సరే, పలకరించేదానికి వచ్చిందేమో అనుకున్నా. మరుసటి రోజు మళ్ళ వచ్చింది. ఆ మరుసటి రోజు కూడా. అదే మాట, అదే దగ్గు. రామలక్ష్మమ్మక్క రోజూ మన మగ్గం కాడికొచ్చి నిన్ను అన్నానికి పిలుస్తాదా ఓబులేషూ?"

పెళ్ళయినప్పటి నుంచి ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు.

రికార్డు చేసేటప్పుడు సుంకప్పన్నకు వచ్చిన ఆ పిలుపును పట్టించుకోలేదు. తర్వాత దాన్ని నేను పూర్తిగా ఒక్కసారి కూడా వినలేదు. పెట్టి వచ్చి పడుకునేవాణ్ణి.

"ఆ స్పీకర్లు పీకేయమంటావా? కేశవకు చెప్తా, వచ్చి పీకేస్తాడు. నీకిష్టమైంది నీ దగ్గర ఉండాది కదా, నల్లది. అదే పెట్టుకో. అది ఏమీ వినదు."

ఫోన్ పెట్టేసింది.

డ్రైవరు సంగతి నమ్మాను. మళ్ళీ రాసుకుంటున్నాను. నమ్మాను.

జూలై 21

కేశవ వచ్చాడు. పీకడానికేనట. అక్క చెప్పిందట. వద్దని పంపించాను.

"నీకు మొదటి నుంచి తెలుసు కదప్పా?" అన్నాను.

"తెలుసు బావా. అక్క ఏడ్చింది. చెప్పొద్దన్నది." వాడు నా మొహంలోకి చూడలేదు. "నువ్వు మాత్రం మగ్గం సంగతి అక్కకు చెప్తివా?"

జూలై 22

ఆమెకు మెసేజి పెట్టాను. "స్పీకర్లు ఉండనీ. నువ్వు విను. కానీ నీ వైపు మైకు కూడా మూయొద్దు. నువ్వు మా ఇల్లు వింటావు. మాకు నీది వినపడదు."

జవాబు రాలేదు.

జూలై 23

జవాబు వచ్చింది. "ఈడ వినేదానికి ఏమీ లేదు."

నిజం రాస్తాను. ఆ మాట చదవగానే, ఏదో దాస్తోంది కాబట్టే వద్దంటోంది అనుకున్నాను. నా బుద్ధి ఇంకా అటే పోతుంది. అయినా మళ్ళీ పెట్టాను. "ఏమీ లేకున్నా పర్వాలేదు."

జూలై 24, గురువారం

మధ్యాహ్నం లైటు వెలిగింది. ఈసారి చప్పుడు కూడా వచ్చింది. ముందు పెద్ద ఫ్యాను హోరు. తర్వాత కుళాయి. కత్తి పలక మీద టకటక కొట్టడం. ఉల్లిగడ్డలేమో.

"వింటాండావా?" అంది, మెల్లగా.

"వింటాండా."

"ఏముండాది? నే చెప్పలేదా?"

మళ్ళీ కత్తి. నేను వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఎన్ని రోజులకో ఆమె పని చేసే చప్పుడు విన్నాను. కోసేటప్పుడు మధ్యలో ఆగి, ముక్కు ఎగబీల్చి మళ్ళీ కోస్తుంది. అది అట్లాగే ఉంది.

అప్పుడు ఇంకో గొంతు వచ్చింది. ఆడమనిషి. దూరం నుంచి మొదలై దగ్గరికి వచ్చింది. భాష నాకు రాదు. అయినా అది అరుపని తెలుసుకోవడానికి భాష అక్కర లేదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ. ఏదో పళ్ళెం బల్ల మీద గట్టిగా పడింది.

"హాదర్ మామా. హాదర్ మామా," అంది శివలీల.

మామా అంటే ఆ ఇంటి మేడం. అక్కడ అట్లాగే పిలవాలట. ఆమె వెళ్ళిన కొత్తలో ఆ మాటకు కూడా నేను చాలా రోజులు అనుమానపడ్డాను. హాదర్ అంటే చిత్తం అని.

ఆ గొంతు నా భార్యది కాదు. నాతో పోట్లాడే మనిషిది కాదు, సుంకప్పన్నతో పలుగు కోసం వాదించే మనిషిది కాదు. చిన్నగా, అడుగున పడిపోయినట్టుంది. వెంటనే మైకు మూసేసింది. లైటు ఆరిపోయింది.

మూడేళ్ళుగా నాతో చెప్పేది ఒకటే. "ఈడ అందరూ బాగా చూసుకుంటారు."

జూలై 25, శుక్రవారం

నేనే ఫోన్ చేశాను.

"వచ్చేయ్ లీలా."

"నిన్న ఏదో విన్నావని అంటాండావా? అది రోజూ ఉండేదే. కూర మాడింది, అరిచింది. సాయంత్రానికి మర్చిపోతాది."

"దాని గురించి కాదు. వచ్చేయ్."

"వచ్చి?"

నేను మగ్గం గది వైపు చూశాను.

"వచ్చి ఏం తినాల? మగ్గం ఆడతాందా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. "నీ భుజానికి ఏమయింది? డాక్టరు దగ్గరికి పోయినావా?"

"భుజానికి ఏమీ కాలేదు."

మొదటిసారి ఆ మాట బయటికి అన్నాను. ఆమె వింటోంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నువ్వు పోయినాక కొన్నాళ్ళు నేశాను. గుంటలోకి దిగి తల ఎత్తితే ఎదురుగా నువ్వు రాట్నం ముందర కూర్చుని కండెలు చుడుతుండేదానివి. ఇప్పుడు అక్కడ గోడ. గోడను చూస్తూ నేశాను. ఒకరోజు దిగలేదు. ఏమీ కాలేదు. నీ దుడ్లు వచ్చాయి, ఇల్లు గడిచింది. ఇంకోరోజు దిగలేదు. నేసినా నేయకపోయినా ఇంట్లో ఏమీ మారనప్పుడు ఎందుకు దిగాలో తెలియలేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది. భుజం అన్నాను.

"ఈ మాట అప్పుడే చెప్పింటే," అంది. పిలుపు వచ్చినట్టుంది, పెట్టేసింది.

జూలై 28, సోమవారం

దుప్పటి తీశాను. సగం చీర అట్లాగే ఉంది, ఆకుపచ్చ మీద మామిడిపిందె అంచు. ఎలుక పడుగును ఒక పక్క కొరికింది. గుంటలో సాలెగూళ్ళు. రోజంతా శుభ్రం చేయడానికే సరిపోయింది. సుంకప్పన్న వచ్చాడు. నాతో మాట్లాడలేదు. తెగిన పోగులు ఆయన ఒక పక్కనుంచి, నేను ఒక పక్కనుంచి కలిపాం. వెళ్ళేటప్పుడు, "ఆ పలుగు ఇయ్యి," అన్నాడు.

రాట్నం గోడ దగ్గర నుంచి జరిపి, పాత చోటే పెట్టాను. ఆరాధన బడి నుంచి వచ్చి చూసింది. ఏమీ అడగకుండా కూర్చుని నాలుగు కండెలు చుట్టింది. వదులుగా ఉన్నాయి. పనికొస్తాయి.

జూలై 29

నేశాను. రెండు వేళ్ళంత కూడా సాగలేదు. కాళ్ళు మర్చిపోయాయి. పోగు తెగుతూనే ఉంది. ఆమెకు చెప్పలేదు. చెప్తే నమ్మదు. నేనైనా నమ్మను.

లైటు వెలగలేదు.

జూలై 30, బుధవారం

పొద్దున భజన వచ్చింది. ఆరాధన పళ్ళు తోముకుంటూనే నా వైపు చూసింది. దాన్ని బడికి పంపి గుంటలోకి దిగాను. ఈరోజు చెయ్యి కొంచెం మాట వింటోంది.

ఎండ కిటికీలోకి వచ్చే వేళకు గూట్లో ఆకుపచ్చ లైటు వెలిగింది. ఫ్యాను హోరు వినపడింది. మైకు మూయలేదు. నేను ఆపలేదు. తల ఎత్తలేదు.

"ఎవురు మగ్గంలో?" అంది.

"నేనే."

"ఇది కూడా ఫోన్లో పట్టిందేనా?"

"కాదు లీలా."

"ఆపు."

ఆపాను. ఇటు గదిలో ఏ చప్పుడూ లేదు. అటు కుళాయి కింద నీళ్ళు పడుతున్నాయి.

"ఆడించు."

ఆడించాను.

"ఆపు."

ఆపాను.

"రెండుసార్లు కొట్టి ఆపు."

రెండుసార్లు కొట్టి ఆపాను. ఇంతకాలం చీరలు నేసిన మనిషిని, కొత్తగా నేర్చుకునేవాడిలా కూర్చున్నాను.

"మళ్ళ ఒకసారి."

కొట్టాను. ఒక పోగు తెగింది. "ఆగు, తెగింది," అన్నాను.

"యాడ?"

"ఎడమ అంచు కాడ."

నేను పోగు వెతికి, కలిపి, కాలు తొక్కుడు కర్ర మీద పెట్టాను. అటు దూరంగా ఎవరో గట్టిగా పిలిచారు. "హాదర్ మామా," అంది. లైటు ఆరిపోతుందనుకున్నాను. ఆరలేదు. అడుగులు దూరం వెళ్ళి, కాసేపటికి తిరిగి వచ్చాయి. గిన్నె మీద మూత తీసిన చప్పుడు.

"ఊ," అంది.

ఆడించాను. ఒక వరస, ఇంకో వరస. అటు ఆమె ఏదో కలుపుతోంది, గరిటె గిన్నె అడుగున తిరుగుతోంది. నేను వింటున్నాను. ఎండ కిటికీలోంచి గుంట అంచు దాకా వచ్చింది.

మళ్ళీ ఆపమని అనలేదు.